దూడ మీద చెయ్యి

మా గేదె పాలు ఎండిపోయిన సంగతి రాయాలంటే ముందు నేను సజ్జలు కడిగిన సంగతి రాయాలి. అది రాయడానికి సిగ్గేసే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ముప్పై ఏళ్ళు హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పినదాన్ని. బూజు గురించి, శిలీంధ్రాల గురించి బోర్డు నిండా రంగు సుద్దముక్కలతో బొమ్మలు గీసినదాన్ని. ఆ బొమ్మల్లో ఒకటి నా కుడితి తొట్టిలో తేలుతుంటే, చేత్తో కలిపి మరీ గేదె ముందు పెట్టాను.

మార్కాపురంలో నా ఉద్యోగం అయిపోయాక మేమిద్దరం మా ఆయన సొంతూరు చేరాం. అర్ధవీడు దగ్గర, అడవి అంచున ఉన్న పల్లె. ఆయనకు కొంచెం మెట్ట ఉంది, నాకు పాడి మీద సరదా ఉంది. ఒక మంచి గేదెను తెచ్చుకున్నాం. ఊళ్ళో దాన్ని ‘టీచరమ్మ బర్రె’ అనేవాళ్ళు. ఆ మాట వింటే నాకు లోపల ఎంత ఉబ్బుగా ఉండేదో చెప్పలేను. నాకు మొదటి నుంచీ రెండు జబ్బులు. ఒకటి ముక్కు మీద కోపం, రెండోది ఎవరికైనా ఏదైనా నేర్పందే ఉండలేకపోవడం. ఈ రెండూ కలిసే ఆ ఏడాది నా కొంప ముంచాయి. నా కొంప ఒక్కటే మునిగి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

ఆ ఏడు సజ్జ పూత మీద ఉండగా ముసురు పట్టింది. నాలుగైదు రోజులు ఎండ మొహం కనపడలేదు. తర్వాత చేనుకు పోయి చూస్తే కంకుల నుంచి తేనె లాంటి బంక కారుతోంది. దాని మీద ఈగలు, చీమలు.

“తేనెబంక తగిలింది. ఇంక గింజ తిన్నట్టే,” అని మా ఆయన కంకి వాసన చూసి పారేశాడు.

కోసి నూర్చాక చూస్తే గింజల్లో నల్లగా, పొడుగ్గా ఎలుక పెంటికల్లాంటి పలుకులు కలిసి ఉన్నాయి. చాటలో చెరిగితే పోలేదు. నాకు ఉపాయం తెలుసు. గంగాళంలో ఉప్పునీళ్ళు కలిపి సజ్జలు పోస్తే నల్లవీ తాలువీ పైకి తేలతాయి. వాటిని తోడేసి, అడుగున ఉన్న మంచి గింజల్ని రెండు మూడు నీళ్ళలో కడిగి ఆరబోసుకోవాలి. మా వీధిలో ఇంకో రెండిళ్ళ చేలకు కూడా ఇదే తెగులు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళను మా వాకిట్లోకి పిలిచి, కొంగు బిగించి, క్లాసు చెప్పినట్టే చెప్పాను. ఈ నల్లవి పిండిలో కలిస్తే తల తిరుగుతుంది, వాంతులవుతాయి, కడుపుతో ఉన్నవాళ్ళు అసలు తినకూడదు అని కూడా చెప్పాను. అంటే అది విషమని నాకు తెలుసు. ఈ ముక్క దాచుకోను.

“తేలినవి ఏం చెయ్యాల టీచరమ్మా?” అని పక్కింటి వదిన అడిగింది.

“పారేస్తారా ఏంది? ఎండబెట్టి మూట గట్టుకోండి. ఎండాకాలం మేత లేనప్పుడు కుడితిలోకి పనికొస్తాయి,” అన్నాను.

మా వైపు ఏ ఇంట్లోనూ ఏదీ పారెయ్యరు. బియ్యం కడుగు, మిగిలిన సంగటి, మెత్తబడిన కూరగాయలు, పురుగుపట్టిన నూకలు అన్నీ కుడితి తొట్టిలోకే పోతాయి. మనిషి తినలేనిది గొడ్డు అరాయించుకుంటుందన్న లెక్క నాకు పుట్టింటి నుంచే వచ్చింది. ఎంత చదివినా ఆ చదువు పోయి ఆ లెక్కను ఎప్పుడూ తాకలేదు. గంగాళం దగ్గర నేను టీచరును, తొట్టి దగ్గర మా అమ్మ కూతురిని.

మాఘమాసంలో గేదె ఈనింది. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న పెయ్యదూడ. చైత్రం వచ్చేదాకా పాలు బాగానే ఇచ్చింది. దూడ కడుపునిండా తాగినా మాకు పూటకు రెండు చెంబులు మిగిలేవి. తర్వాత చొప్ప అయిపోవచ్చింది, ఎండలు ముదిరాయి. అప్పుడు మూట విప్పాను. పూటకు రెండు దోసిళ్ళు. పక్కింటి వదినకు, ఎదురింటామెకు కూడా గుర్తు చేసి వాళ్ళ మూటలు విప్పించాను.

పది పన్నెండు రోజులకు పాలు సగమయ్యాయి. ఇంకో వారానికి చెంబులో అడుగున కనపడేంత. గేదె చేపడమే మానేసింది. దూడ పొదుగును ఎంత కుమ్మినా చుక్క దిగేది కాదు. ఎండ తగ్గి, అందరి గొడ్లూ నెమరేసుకునే వేళ కూడా మా గేదె నోరు తెరిచి రొప్పుతూ, చొంగ కారుస్తూ నిలబడేది.

ఊరి గొడ్లను కాసే ఆయన గురించి ఇప్పుడు చెప్పాలి. యాభై దాటిన మనిషి, బక్కపలచన. పొద్దున్నే ఊరి బయట మందబయలులో అందరూ గొడ్లను వదిలితే, వాటిని అడవి అంచుకు తోలుకుపోయి సాయంత్రానికి తెచ్చేవాడు. ఏ గొడ్డు ఏ పక్క కుంటుతుందో, ఏది ఏ ఆకు ముట్టదో ఆయనకు తెలుసు. నన్ను “అక్కా” అనేవాడు. వయసులో నాకూ ఆయనకూ పెద్ద తేడా లేదు, అయినా అలాగే పిలిచేవాడు. మా గేదెకు గిట్టలో ముల్లు దిగితే ఒళ్ళో కాలు పెట్టుకుని తీసిన మనిషి.

ఒక సాయంత్రం గేదెను వదలడానికి వచ్చి ఆయన గడప దగ్గర నిలబడ్డాడు.

“అక్కా, బర్రె కుంటలో నుంచి లేస్తా లేదు. ఒళ్ళు కాలిపోతాంది. నీళ్ళు చల్లి చల్లి లేపుకొచ్చినా.”

“ఎండలు అట్ల ఉన్నాయి మరి,” అన్నాను.

“ఎండ అన్నిటికీ ఒకటే గదక్కా. మందలో మీ వీధివి మూడే ఇట్ల రొప్పుతాండేది. నీది, ఆ పక్కింటిది, ఎదురింటిది. తక్కినవి బాగనే ఉండాయి. మేత అందరిదీ ఒకటే, నీళ్ళు ఒకటే. ఇంటికాడ పెట్టేదాంట్లో ఏమన్నా ఉందేమో చూడు.”

ఇంతకంటే శుభ్రంగా నా విద్యార్థి ఒక్కడు కూడా ప్రయోగం వివరించలేదు. వేరుగా ఉన్నది ఏది, ఒకటిగా ఉన్నది ఏది అని విడదీసి నా చేతిలో పెట్టాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. గొడ్లు కాసే మనిషి నా ఇంట్లో తప్పు వెతుకుతాడా అని. ఆ మాట పైకి అనకుండా గేదె తాడు లాక్కుని కొట్టంలోకి పోయాను.

ఆ రాత్రే పక్కింటి వదిన గోడ మీదుగా అంది, ఆయన అడవిలో పాలు పిండుకుంటున్నాడేమో చూసుకోమని. వాళ్ళ గేదె పాలు కూడా తగ్గాయట, ఎదురింటివి కూడా. నాకు ఆ మాట ఎంత హాయిగా ఉందో! మర్నాడు, గేదె తేలిగ్గా లేవడం లేదని తనే తోలుకుపోవడానికి వచ్చి, ఆయన సద్ది డబ్బా మా అరుగు మీద పెట్టి గేదె తాడు విప్పుతుంటే, మూత తీసి వాసన చూశాను. పాల వాసన.

“మేకపాలక్కా. ఇంట్లో మేక ఉంది గదా. సద్దిలోకి పోసుకుంటా,” అన్నాడు, నేనేం అనకముందే. అడగకముందే చెప్పాడంటే దొంగే అనుకున్నాను.

ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టుకోవాలనిపిస్తుంది. పొద్దున పాలు కూడా తగ్గాయి. సాయంత్రం నుంచి తెల్లారేదాకా గేదె మా కొట్టంలోనే ఉంది. అడవిలో పిండేవాడికి పొద్దున పాలతో ఏం పని? ఈ ఒక్క ప్రశ్న ఏడో తరగతి పిల్లవాడు కూడా వేసేవాడు. నేను వెయ్యలేదు. వెయ్యాలని లేదు.

మర్నాడు పొద్దున దూడకు పలుపు వేసి మందబయలుకు లాక్కుపోయాను. అప్పటికే అది ఎముకల గూడు. నాలుగు అడుగులకు ఒకసారి కూలబడేది. గొడ్లను వదలడానికి వచ్చినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. అందరి ముందూ అడిగాను.

“పాలు పిండుకుంటాండావా లేదా? నిజం చెప్పు.”

ఆయనకు మొదట నా మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎలా అయిందో నాకు గుర్తుంది.

“నేనా అక్కా? నీ బర్రెనా?”

“అయితే దూడ మీద చెయ్యేసి చెప్పు.”

మా వైపు ఆ ప్రమాణానికి విలువ ఎక్కువ. పాలు తాగే దూడ మీద చెయ్యేసి అబద్ధమాడితే దూడ దక్కదంటారు. ప్రమాణాలు, శాపాలు ఉత్తవని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పిన నోటితోనే ఆ మాటన్నాను. నేను నమ్మను కదా, ఆయన నమ్ముతాడు కదా, అందుకే భయపడి నిజం కక్కుతాడని నా తెలివి.

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. “దూడ మీద వద్దక్కా. అది సచ్చేటట్ల ఉంది. నా తల మీద ఏసుకుంటా, నా బిడ్డల మీద ఏసుకుంటా. పసిదాని మీద వద్దు.”

“చూసినారా! భయపడతాండాడు,” అని వదిన అంది. ఇంకెవరో నవ్వారు.

ఆయన వంగి, దూడ నుదుటి మీద తెల్లమచ్చ దగ్గర చెయ్యి పెట్టాడు. “నేను ఈ దూడ పాలు ముట్టలేదు,” అన్నాడు. తర్వాత తన పైగుడ్డ తడిపి దాని మొహం తుడిచి గొడ్లను తోలుకుని పోయాడు.

ఐదో రోజున దూడ చచ్చిపోయింది. తల్లి దగ్గర పాలు లేక, ఆ ఎండకు ఆగలేక పోయింది. బయటి నుంచి తెచ్చి పోత పాలు పోసి ఉంటే బతికేదేమో. నేను దొంగను పట్టే పనిలో ఉన్నాను, దూడను బతికించే పనిలో లేను.

ఊరికి మాత్రం ఇంకేం కావాలి? అబద్ధపు ప్రమాణం చేశాడు, దేవుడు చూపించాడు అన్నారు. మర్నాటి నుంచి మందబయలులో గొడ్లు తగ్గాయి. ముందు మా వీధి, తర్వాత పక్క వీధి. ఎవరి గొడ్డును వాళ్ళు ఇంటి దగ్గర కట్టేసుకున్నారు.

దూడ పోయాక మా ఆయన వెళ్ళి పశువుల డాక్టరును తీసుకొచ్చాడు. చిన్న వయసు అమ్మాయి. గేదె గుదంలో థర్మామీటరు పెట్టి చూసి కనుబొమలు ఎగరేసింది. చెవులు, తోక కొస, గిట్టలు పట్టుకుని చూసింది. తర్వాత ఏం పెడుతున్నారని అడిగి, తొట్టి దగ్గరకు పోయి, మోచేతి దాకా చెయ్యి ముంచి అడుగు నుంచి పిడికెడు తీసింది. నీళ్ళు వార్చి అరచేతిలో చూసింది. ఉబ్బిన నల్లగింజలు.

“తేనెబంక సజ్జలు. ఇవి మీరు తింటున్నారా అమ్మా?”

“అయ్యో లేదు. ఉప్పునీళ్ళలో తేల్చి తీసేస్తాం.”

“తీసేసి దీనికి పెడుతున్నారా?”

ఆ అమ్మాయి ఎగతాళిగా అనలేదు, మామూలుగా అడిగింది. ఆమెకు నేను టీచరునని తెలియదు, అందుకని విడమరిచి చెప్పింది. ఆ నల్లది గింజ కాదనీ, గింజ ఉండాల్సిన చోట పెరిగిన బూజు గడ్డ అనీ చెప్పింది. దాని విషం చర్మం దగ్గరి రక్తనాళాలను బిగిస్తుందనీ, ఒంట్లో వేడి బయటికి పోయే దారి మూసుకుంటుందనీ, చలికాలమైతే తట్టుకునేదేమో గాని ఈ ఎండల్లో లోపలే ఉడికిపోతుందనీ చెప్పింది. పాలు పడనివ్వకుండా చేసేది కూడా అదేనంది. నేను తల ఊపుతూ విన్నాను. ఇందులో సగం నేను పరీక్షలో ప్రశ్నగా ఇచ్చినదే.

మూట తీసుకుపోయి కాల్చేశాం. గేదె రొప్పు రెండు వారాలకు తగ్గింది. పాలు కొంచెం తిరిగాయి గాని, దూడ లేని గేదె మునుపటిలా చేపలేదు.

ఇంతవరకూ జరిగింది తెలియక జరిగింది అనుకోవచ్చు. దీని తర్వాతది తెలిసి చేసింది. డాక్టరు వెళ్ళిపోగానే మా ఆయనతో అన్నాను, “ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దు.”

“ఆ మనిషి గతి ఏంది మరి?” అన్నాడాయన.

“నాలుగు రోజులైతే వాళ్ళే మర్చిపోతారు.”

పక్కింటికీ ఎదురింటికీ మాత్రం ఆ గింజలు ఇక పెట్టొద్దని, వేడి చేస్తాయని చెప్పాను. వేడి చేస్తాయని! అంతే చెప్పాను. నేనే పెట్టించానని ఒప్పుకుంటే నా మాటకు ఊళ్ళో విలువ పోతుందనుకున్నాను. నెల రోజులు, పొద్దున్నే మా మిద్దె మీద నుంచి మందబయలు కనపడుతుంటే చూసేదాన్ని. ఆయన కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. పది గొడ్లు, తర్వాత ఆరు, తర్వాత ఆయన మేక ఒక్కటే. ఒకరోజు కూర్చోలేదు. భార్యాభర్తలిద్దరూ బేల్దారి పనికి హైదరాబాదు పోయారని తెలిసింది. పుట్టి బుద్ధెరిగి తాపీ పట్టని మనిషి.

ఏడాది తిరిగాక, తొలకరికి ముందు ఇల్లు కప్పుకోవడానికి ఆయన వచ్చాడు. ఈసారి నన్ను నేను ఈడ్చుకుంటూ వాళ్ళ ఇంటికి పోయాను. కొట్టం పక్కన, కప్పుకు తెచ్చిన బోదగడ్డి కట్టలు విప్పుతున్నాడు. వేళ్ళ సందులు సిమెంటు తిని పగిలి ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

“రండి టీచరమ్మా.”

అక్కా అనలేదు, నువ్వు అనలేదు. నిలబడే అంతా చెప్పాను. సజ్జలు, ఉప్పునీళ్ళు, తొట్టి, డాక్టరు, నేను నోరు మూసుకున్న నెల. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన బోద కట్ట మీద కూర్చుండిపోయాడు.

“అయితే దూడ నా వల్ల పోలేదా?”

నాకు అర్థం కాలేదు. “నీ వల్ల ఎట్ల పోతాది?”

“ఒకతూరి ముల్లు తీసేటప్పుడు బర్రె చేపింది టీచరమ్మా. పాలు ధారగా చేతి మీద పడినాయి. తుడుచుకోకుండా నాకినా. ప్రమాణం చేసేటప్పుడు అది గుర్తు లేదు. దూడ పోయినాక గుర్తొచ్చింది. ముట్టలేదంటినే, ముట్టినానే అని… ఈ ఏడాదంతా ఆ దూడను నేనే సంపినా అనుకుంటాండా.”

క్షమాపణ అడగడానికి నాలుగు మాటలు కూర్చుకుని పోయాను. అవేవీ ఇప్పుడు ఆయనకు అక్కర్లేదు. ఊరు నమ్మిందని తెలుసు గాని, ఆయన కూడా నమ్మాడని నాకు కలలో కూడా తోచలేదు.

“నీ వల్ల కాదు,” అన్నాను.

“నిజంగానేనా?”

“నిజంగా.”

“ఆ మాట నాకు చెప్పినట్టు వాళ్ళకు చెప్పండి. అందరూ ఉన్నప్పుడు చెప్పండి. మంద మళ్ళా దొరికితే నేను ఈడనే ఉండిపోతా.”

మర్నాడు పొద్దున మందబయలుకు పోయాను. ఎవరూ లేరు. మంద లేనప్పుడు అక్కడికి ఎవరొస్తారు? నేనే పోగొట్టిన చోటు అది. అందుకని ఇల్లిల్లూ తిరిగాను. కొందరు అయ్యో అన్నారు. కొందరు ఇప్పుడెందుకులే టీచరమ్మా అన్నారు. ఒక ముసలమ్మ, మీరు మంచోళ్ళు గాబట్టి వాడి తప్పు మీ మీద వేసుకుంటాండారు అని నా చెయ్యి నిమిరింది. ఆ నిమరడం చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఆఖరికి పక్కింటి వదిన దగ్గరికి పోయాను. ఆమె మాట తిరిగితే ఊరు తిరుగుతుందని నాకు తెలుసు. ఆ రోజు అందరికంటే గట్టిగా అరిచింది ఆమే. వాళ్ళ గేదె ఈని ఇరవై రోజులైంది. కొట్టం గుంజకు పెయ్యదూడ కట్టేసి ఉంది. ఆమె పేడ ఎత్తుతూ నా మాటంతా విని, నడుము నిటారు చేసింది.

“అంటే నేను కూడా విషమే పెట్టినానంటావు. వాడు దొరబాబు.”

“ఆయన తప్పేం లేదు వదినా. నేను నిజం చెప్తాండా.”

“నిజమేనా?” అని దూడ వైపు చూపించింది. “అయితే దాని మీద చెయ్యేసి చెప్పు. నేనే రేపు పొద్దున మా గొడ్లను మందబయలుకు తోలుతా.”

దూడ నా వైపు మెడ చాచింది. నున్నగా, బలంగా ఉంది. నేను చెప్పేది అక్షరం అక్షరం నిజం. ప్రమాణాలకు దూడలు చావవని నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. చెయ్యి చాపడమే ఆలస్యం. ఆయన మంద ఆయనకు వచ్చేది. కానీ ఈ ఎండలకో, ఏ జబ్బుకో ఇది కూడా పోతే? ఊరంతా నన్ను ఏమంటుంది? అంతే తోచింది నాకు. ఆయన గురించి కాదు, దూడ గురించి కూడా కాదు.

“ఇట్లాంటివి నేను నమ్మను వదినా,” అన్నాను.

“తెలుస్తానే ఉంది,” అని ఆమె మళ్ళీ పేడ తట్ట అందుకుంది.

ఇల్లు కప్పుకోవడం అయిపోయాక ఆయన హైదరాబాదు బస్సెక్కాడు. బస్సు దగ్గర ఎదురుపడితే, “చెప్పినారా టీచరమ్మా?” అని అడిగాడు. చెప్పానన్నాను. ఆయన తల ఊపి మూట సర్దుకున్నాడు. ఆ రోజు మందబయలులో ఆయన కూడా నిజమే చెప్పాడు. చచ్చిపోయేటట్టున్న దూడ అని తెలిసి, వద్దని బతిమాలి, నేను పట్టుబట్టాక చెయ్యి పెట్టాడు. నేను బతికే దూడ మీద కూడా చెయ్యి పెట్టలేకపోయాను.